జబ్బు తాబేలుకు ముందు వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆఖరున మేత

సంపాదకులకు,

తొలకరి జల్లు పడగానే అనంతపురం చుట్టుపక్కల కంపచెట్ల గుట్టల్లోంచి నక్షత్ర తాబేళ్లు మేతకూ జతకూ బయటికొస్తాయి. రోడ్డు దాటుతూ బండి తగిలి డిప్ప పగిలినదో, ఎవరింట్లోనో మంచం కింద ఏళ్లుగా మగ్గి ముక్కు కారుతున్నదో, ఏదో ఒకటి జాలిపడే మనుషుల చేతికి వస్తూనే ఉంటుంది. ఆ తర్వాత పత్రికల్లోనూ ఫోన్లలోనూ కనిపించే ఫొటో ఎప్పుడూ ఒకటే తీరు: స్టీలు బేసిన్ నిండా నీళ్లు, అందులో కాళ్లు కొట్టుకుంటున్న తాబేలు, పక్కన టమాటా ముక్కలు, గుప్పెడు అన్నం. ఆ నీళ్ల లోతు తప్పు, టమాటా తప్పు, అన్నం తప్పు. ఫొటోలో ఎవరి కంటా పడని నాలుగోది అన్నిటికన్నా పెద్ద తప్పు: ఆ బేసిన్ పెట్టింది చల్లటి బండల మీద.

తాబేలు తన ఒంటికి కావలసిన వేడిని తాను పుట్టించుకోలేదు. గది 20 డిగ్రీలుంటే దాని రక్తమూ ఇంచుమించు 20 డిగ్రీలే. ఆ చలువకు పేగులు కదలవు, తిన్నది అరగక లోపలే పులుస్తుంది, రోగాన్ని ఎదుర్కొనే శక్తి మందగిస్తుంది, డాక్టరు వేసిన మందూ సరిగా పని చేయదు. అందుకే జబ్బు తాబేలు విషయంలో వరస ముఖ్యం. మొదట ఒళ్లు వెచ్చబడాలి. తర్వాత నీళ్లు ఒంటబట్టాలి. ఆ రెండూ అయ్యాకే మేత. మన ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. తినలేదని దిగులుపడి, మొదటి పూటే నోరు తెరిచి కుక్కుతారు. నెలల తరబడి పస్తున్న తాబేలు ఇంకో నాలుగు రోజులు తినకపోయినా బతుకుతుంది. చల్లబడిన ఒంట్లోకి, ఎండిపోయిన పేగుల్లోకి బలవంతంగా పోయిన మేతతో మాత్రం చచ్చిపోతుంది.

చేతికొచ్చింది ఏ తాబేలో తెలియాలంటే కాళ్లు చూస్తే చాలు. ఏనుగు పాదంలా గుండ్రంగా, మొద్దుగా ఉంటే మెట్ట తాబేలు. వేళ్ల మధ్య చర్మం ఉండి డిప్ప బల్లపరుపుగా ఉంటే నీటి తాబేలు. ఈ ఉత్తరం మెట్ట తాబేలు గురించే. నల్లటి డిప్ప మీద ప్రతి బుడిపె నుంచి పసుపు గీతలు నక్షత్రంలా విచ్చుకుంటే అది మన నక్షత్ర తాబేలు. ఇసుక రంగు డిప్ప, తొడల వెనక ముళ్లలాంటి బుడిపెలు ఉంటే ఆఫ్రికా నుంచి వచ్చిన సల్కాటా. అరచేయంత ఉన్నప్పుడు ముద్దొచ్చి కొంటారు. అది పెరిగి 40, 50 కిలోలు అవుతుందని అమ్మేవాడు చెప్పడు.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నక్షత్ర తాబేలును ఇంట్లో ఉంచుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో వచ్చిన సవరణతో అది అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్లో (జాబితాలో) చేరింది. శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు. వాస్తుకు మంచిదని పెట్టుకున్నాం, పదేళ్లుగా మా ఇంట్లోనే ఉంది అనే మాటలు అక్కడ చెల్లవు. కాబట్టి నక్షత్ర తాబేలు దొరికిన గంటలోనే అటవీశాఖ రేంజి ఆఫీసుకు ఫోన్ చేసి, చెప్పిన సమయం, మాట్లాడిన వారి హోదా రాసిపెట్టుకోవాలి. వాళ్లు వచ్చి తీసుకెళ్లేదాకా, అది రాత్రయినా ఆదివారమైనా, కింద చెప్పే పద్ధతిలో ఉంచితే తాబేలు ప్రాణంతో వాళ్ల చేతికి చేరుతుంది. సల్కాటా లాంటి విదేశీ జాతి అయితే 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు అయిన పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. చట్టప్రకారం ఇంట్లో ఉంచుకోగలిగింది అలాంటివే. వాటికి ఈ పెట్టె నెలల తరబడి పనికొస్తుంది.

ఇక పెట్టె. అరచేతి నుంచి జానెడు పొడవు దాకా ఉన్న తాబేలుకు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ప్లైవుడ్ పెట్టె సరిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నదానికి ఇది చాలదు, జబ్బుదానికి ఇంతకన్నా పెద్దది వద్దు. వేడి నిలవదు, తాబేలు ఏ మూల ముడుచుకుందో తెలియదు. గాజు అక్వేరియం మాత్రం పనికిరాదు. గోడ కనపడక అది రోజంతా అద్దాన్ని తోసుకుంటూ ఉన్న సత్తువ పోగొట్టుకుంటుంది, పైగా గాలి ఆడదు. థర్మాకోల్ పెట్టె వేడిని బాగా ఆపుతుంది కానీ తాబేలు దాన్ని కొరికి మింగుతుంది, పేగులో అడ్డం పడుతుంది. థర్మాకోల్ వాడాలనుకుంటే పలక తెచ్చి పెట్టె బయట, అడుగున వేయండి. మన ఇళ్లలో నేల కడప బండో తాడిపత్రి బండో అయి ఉంటుంది. డిసెంబరు రాత్రుళ్లు ఆ బండ పెట్టెలోని వేడినంతా పీల్చేస్తుంది. అందుకే పెట్టెను నేల మీద కాక బల్ల మీదో స్టూళ్ల మీదో పెట్టాలి.

పెట్టె లోపల పరచడానికి పాత న్యూస్ పేపరును మించింది లేదు. మీకు రాస్తున్నామని ముఖస్తుతికి అనడం లేదు. కాగితం మీదైతే పెంటిక ఎలా ఉంది, మూత్రంతో వచ్చే తెల్లటి పదార్థం ఎలా ఉంది, ముక్కు కారిన తడి ఎక్కడుంది, అన్నీ కనిపిస్తాయి. తడవగానే తీసి కొత్తది వేయవచ్చు. ఇసుక, రంపపు పొట్టు, శెనక్కాయ పొట్టు వేసే అలవాటుంది. పొట్టు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మేతతో పాటు కడుపులోకీ పోతుంది. పుండున్న తాబేలును మట్టిలో పెడితే ఈగలు వాలి రెండో రోజుకే పురుగు పడుతుంది. పెట్టె మీద దోమల జాలీ కప్పడం కూడా అందుకే.

వేడి పై నుంచే రావాలి. అడవిలో ఎండ పై నుంచి పడుతుంది కాబట్టి తాబేలు డిప్పకు ఆ లెక్కే తెలుసు. అడుగున హీటింగ్ ప్యాడ్ పెడితే పొట్ట కాలుతున్నా కదలకుండా కూర్చుంటుంది, మూడు రోజుల తర్వాత అడుగు డిప్ప ఎర్రబడి బొబ్బలెక్కాక మనకు తెలుస్తుంది. పెట్టెకు ఒక చివర, తాబేలు వీపు నుంచి 30 నుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో, కోడిపిల్లల బ్రూడర్లకు వాడే 60 వాట్ల ఫిలమెంటు బల్బు వేలాడదీయండి. రాత్రికి వెలుతురు లేని సెరామిక్ హీటర్ మేలు. రాత్రంతా బల్బు వెలిగితే తాబేలు నిద్రపోదు. సెరామిక్ హీటర్‌కు పింగాణీ హోల్డరే వాడాలి. ప్లాస్టిక్ హోల్డర్ ఒక్క రాత్రికే కరిగి హీటర్ కాగితాల మీద పడుతుంది, ఇల్లంటుకుంటుంది. హోల్డర్‌ను వైరుకు వదిలేయక గొలుసుతో కట్టండి, చుట్టూ ఇనుప జాలీ ఉంచండి.

బల్బు కింద తాడిపత్రి బండ ముక్క ఒకటి, జానెడు చదరం, పడుకోబెట్టండి. అది పగలంతా వేడిని పట్టి ఉంచుతుంది, మేత దాని మీద పెడితే తాబేలు గోళ్లు, మూతి కూడా అరుగుతాయి. బండ మీద మీ అరచేయి ఆనించి పది లెక్కపెట్టండి. పది దాకా చేయి నిలిస్తే సరే, ఐదుకే తీసేశారంటే బల్బు ఇంకో నాలుగంగుళాలు పైకి పోవాలి. చేయి ఒక అంచనా మాత్రమే. తీగ చివర సెన్సరున్న డిజిటల్ థర్మామీటర్లు రెండు తెచ్చుకోండి. సెన్సరును గోడకు అతికించడం అందరూ చేసే పొరపాటు. తాబేలు ఉండేది గోడ మీద కాదు. డిప్ప ఎత్తులో, నేలకు రెండు మూడు అంగుళాల పైన ఉంచాలి. బల్బు కింద 34, 35 డిగ్రీలు, పెట్టె నడుమ 30, చివరి మూల 27, 28 చూపించాలి. ఆరోగ్యంగా ఉన్న తాబేలుకు రాత్రి కాస్త చల్లబడినా ఫరవాలేదు. జబ్బుదానికి రాత్రయినా 27కు తగ్గనివ్వవద్దు. నాటుకోడి గుడ్లు పొదిగించే యంత్రాలకు వేసే చిన్న థర్మోస్టాట్ మన ఊళ్ల ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. దాన్ని 29 దగ్గర వెలిగి 31 దగ్గర ఆరేలా పెట్టి, సెన్సరును పెట్టె నడుమ ఉంచితే రాత్రి లేచి చూడాల్సిన పని తప్పుతుంది.

కరెంటు పోతే? బిస్లెరీ సీసాల్లో వేడినీళ్లు పోసి, పాత తువ్వాలు చుట్టి, తాబేలుకు రెండు పక్కలా ఆనీ ఆననట్టు పెట్టి పైన దుప్పటి కప్పండి. గంటన్నర, రెండు గంటలు గడుస్తుంది. తువ్వాలు చుట్టని సీసా చర్మాన్ని కాలుస్తుంది.

వేసవిలో మన సమస్య తిరగబడుతుంది. గది దానంతట అదే 36, 37 డిగ్రీలుంటుంది, బల్బు అక్కర్లేదు. కానీ అదే గదిలో ఎయిర్ కూలర్ తిరుగుతుంటుంది. కూలర్ నుంచి తడిగాలి నేలబారుగా వచ్చి నేరుగా పెట్టెలోకి కొడుతుంది. చలి, తేమ రెండూ కలిసిన గాలి తాబేలు ఊపిరితిత్తులకు యమపాశం. వెచ్చటి తేమ మాత్రం మందులాంటిది. ఈ తేడా తెలియక కొందరు తేమ అంటేనే భయపడి తాబేలును ఎండబెడతారు. ఏప్రిల్‌లో మన గాలిలో తేమ ఏ మాత్రం ఉండదు కనుక పగిలిన కుండ పెంకు ఒకటి బోర్లించి, దాని కింద తడిపి గట్టిగా పిండిన కొబ్బరి పీచు పరచండి. తాబేలుకు దాక్కునే గూడూ అవుతుంది, తేమా దొరుకుతుంది. ఆ గదిలో అగరుబత్తి, సాంబ్రాణి, దోమల చుట్ట, బొద్దింకల స్ప్రే, ఏదీ వద్దు.

నీళ్ల దగ్గరికి వద్దాం. తాబేలు పెట్టెలో గంటో రెండు గంటలో వెచ్చబడ్డాక, ప్లాస్టిక్ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసి అందులో కూర్చోబెట్టాలి. నీళ్లు 30 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే మోచేయి ముంచండి, వేడీ చలీ రెండూ తెలియకపోతే సరైనట్టు. లోతు డిప్ప ఎత్తులో మూడో వంతు, అంటే తాబేలు తల లోపలికి లాక్కున్నప్పుడు కూడా నీళ్లు గడ్డాన్ని దాటకూడదు. మెట్ట తాబేలు ఈదలేదు, నీరసించినది తల ఎత్తలేదు, రెండంగుళాల నీళ్లలో కూడా మునిగి చస్తుంది. అందుకే పక్కన మనిషి ఉండాలి. పావుగంట నుంచి ఇరవై నిమిషాలు చాలు, బాగా ఎండిపోయినదానికి రోజుకు రెండుసార్లు. ఉప్పు, పసుపు, డెటాల్ ఏమీ కలపవద్దు. మధ్యలో పెంటిక వేస్తే నీళ్లు మార్చండి, లేకపోతే అదే తాగుతుంది. బయటికి తీశాక కాళ్ల సందులు, తోక మూలం మెత్తటి గుడ్డతో తుడిచి నేరుగా బల్బు కిందికి చేర్చాలి. తడి ఒంటితో ఫ్యాను కింద వదిలితే చేసిందంతా వృథా.

టబ్బు అడుగున తెల్లగా చేరేదాన్ని చూడండి. పలచటి మజ్జిగలానో మెత్తటి పేస్టులానో ఉంటే మంచిదే. వేళ్ల మధ్య నలిపితే ముగ్గులా గరగరలాడితే ఒంట్లో నీళ్లు చాలడం లేదు. రోజుల తరబడి ఏమీ రాకపోతే మూత్రాశయంలో రాయి కట్టిందేమో ఎక్స్‌రే తీయించాలి. చూసిన చేతులు సబ్బుతో కడుక్కోవాలి. తాబేలు పెంటికలో మనుషులకు విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా క్రిమి ఉండవచ్చు కాబట్టి టబ్బును వంటింటి సింకులో కడగవద్దు, చంటిపిల్లలను పెట్టె దగ్గరికి రానివ్వవద్దు.

రోజూ పొద్దున్నే, నీళ్లలో పెట్టకముందే, తూకం వేయాలి. వంటింటి డిజిటల్ త్రాసు మీద చిన్న గిన్నె బోర్లించి దాని మీద తాబేలును కూర్చోబెడితే నాలుగు కాళ్లూ గాలిలో ఆడతాయి, పారిపోలేదు, అంకె కదలకుండా నిలుస్తుంది. గ్రాముల్లో రాసుకోండి. తాబేలు మొహం చూసి చిక్కిందో లేదో చెప్పడం అనుభవమున్నవాళ్లకే కష్టం. వారంలో పదో వంతు బరువు తగ్గితే ఇంటి వైద్యం మాని ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ముక్కు జబ్బు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఇళ్లలో పెరిగిన తాబేళ్లు ఎక్కువగా పోయేది దానితోనే. తాబేలుకు మనలా ఊపిరిని లాగి నెట్టే పొర లేదు, దగ్గలేదు. మనకు కఫం దగ్గుతో బయటికి పోతుంది, దానికి లోపలే గడ్డకడుతుంది. సరీసృపాల చీము కూడా జారే చీము కాదు, జున్నుముక్కలా గట్టిపడుతుంది. అందుకే తాబేలు జలుబు మన జలుబులా వారంలో తగ్గిపోయేది కాదు. టార్చి వేసి ముక్కు రంధ్రాలు చూడండి. ఒక రంధ్రంలో సన్నటి బుడగ లేచి పగులుతుంటే మొదలైనట్టే. మెడ ముందుకు సాచి, తల పైకెత్తి, నోరు తెరిచి పీలుస్తుంటే, ఊపిరికి గుర్రుమంటుంటే అప్పటికే ఊపిరితిత్తుల దాకా పోయింది. ముందుకాళ్లు కొద్దిగా లోపలికీ బయటికీ ఆడటం మాత్రం జబ్బు కాదు, అది ఊపిరి తీసే పద్ధతే అలా. చాలామంది దాన్ని చూసి ఊరికే కంగారుపడతారు. కన్ను వెనక గట్టిగా గడ్డలా లేస్తే చెవి చీము. సూదితో గుచ్చితే ఏమీ రాదు, డాక్టరు కోసి తీయాల్సిందే. ముక్కు కారే తాబేలును మరో తాబేలుతో కలపకూడదు. మూడు నెలలు విడిగా ఉంచాలి, టబ్బు, గిన్నె, గుడ్డ అన్నీ వేరు. చలికాలంలో తినకుండా ముడుచుకుంటే నిద్రకు పోయిందనుకుంటారు. మన నక్షత్ర తాబేలుకైనా సల్కాటాకైనా అలాంటి శీతనిద్ర లేదు. అది చలికి జబ్బుపడినదే.

మందుల విషయంలో పశువుల డాక్టర్లు చాలామంది గొర్రెలు, బర్రెలు చూసే అనుభవంతో ఉంటారు, తాబేలు వచ్చేది ఏ ఏడాదికో ఒకటి. అందుకని ఇంటివాళ్లకు కొన్ని తెలిసి ఉండటం మంచిది. గొర్రెలకు నట్టలకు, గజ్జికి వేసే ఐవర్మెక్టిన్ మన పల్లెల్లో ప్రతి కొట్టంలో ఉంటుంది. తాబేలుకు అది విషం. మెదడుకు ఎక్కి కాళ్లు పడిపోయి, ఊపిరి ఆగి చనిపోతుంది. నట్టల మందు కావాలా వద్దా అన్నది పెంటిక పరీక్ష చేశాక డాక్టరు తేల్చాలి, వేరే మందుంది. ఇంజెక్షన్ వేస్తే ముందుకాళ్లకే వేయమని మర్యాదగా అడగండి. వెనక కాళ్ల రక్తం ముందు మూత్రపిండాల గుండా పోతుంది కనుక మందు ఒంటికి చేరకముందే కొంత వృథా కావచ్చు, కొన్ని మందులు మూత్రపిండాలకే దెబ్బ. కొన్ని యాంటీబయాటిక్కులు తాబేలుకు 72 గంటలకు ఒకసారే ఇస్తారు. దాని ఒంట్లో మందు అంత నిదానంగా కరుగుతుంది. తగ్గలేదని రోజూ పొడిపించుకు రావడం మంచిది కాదు. కళ్లు వాస్తే వెంటనే ఎ విటమిన్ ఇంజెక్షన్ వేయించడం ఇంకో అలవాటు. అది మాంసం తినే నీటి తాబేళ్లకు వచ్చే లోపం. ఆకులు మేసే మెట్ట తాబేలుకు ఆ లోపం అరుదు, ఆ విటమిన్ ఎక్కువైతే చర్మం పొలుసులుగా ఊడి పచ్చిపుండు అవుతుంది. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు దగ్గరికే తేవద్దు.

డిప్ప పగిలితే దాన్ని గోరు అనుకోవద్దు. లోపల ఎముక ఉంది, రక్తం ఉంది, నొప్పి ఉంది. సెలైన్ నీళ్లతో కడిగి, టీ డికాషన్ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో తుడిచి, గాజుగుడ్డ వేసి డాక్టరుకు చూపాలి. ఫెవిక్విక్, ఎంసీల్ పెట్టి మూస్తే లోపల చీముపట్టి బయటికి దారి ఉండదు. పురుగుపడితే పట్టకారుతో ఒక్కొక్కటే ఏరి సెలైన్‌తో కడగాలి. ఎద్దుల పుండ్లకు వాడే టర్పెంటైన్, కిరోసిన్, ఫినాయిల్ తాబేలు పుండు మీద వేస్తే పురుగుతో పాటు తాబేలూ పోతుంది. మెరవాలని డిప్పకు నూనె, రంగు పూయడం గురించి రాయాలంటేనే విసుగొస్తుంది, కట్టేయడానికి డిప్పకు రంధ్రం పెట్టేవాళ్లున్నారు కదా అన్నది గుర్తొచ్చి రాస్తున్నాం. వద్దు.

ఎండ మన జిల్లాలో ఊరికే వస్తుంది, దాన్ని వాడుకోవాలి. డిప్ప గట్టిపడటానికి కావలసిన, ఎండలో ఉండే యూవీబీ (అతినీలలోహిత) కిరణాలు కిటికీ అద్దం దాటి రావు. గాజు వెనక ఎండలో కూర్చున్న తాబేలుకు వేడి తప్ప ఏమీ దక్కదు. జబ్బు కాస్త తిరిగాక, పొద్దున ఎనిమిది, తొమ్మిదిన్నర మధ్య అరగంట మిద్దె మీదికి తీసుకెళ్లండి. చెక్కపెట్టెలోనే, సగం పెట్టె మీద పలక కప్పి నీడ ఉంచి, మనిషి పక్కనే ఉండి. ఫోన్ మోగిందని లోపలికి పోతే కాకులు కళ్లు పొడుస్తాయి. ప్లాస్టిక్ టబ్బులో పెడితే ఎండకు అది నిమిషాల్లో పెనం అవుతుంది, నోట్లోంచి నురగ వచ్చి తల తడిసిందంటే అప్పటికే ఒళ్లు ఉడుకుతోంది. ఒళ్లు 40 డిగ్రీలు దాటితే బతకడం కష్టం. వెంటనే నీడకు తెచ్చి మామూలు నీళ్లలో ఉంచాలి, ఐసు నీళ్లు కాదు. ఎండకు తీసుకెళ్లలేని ఇళ్లలో యూవీబీ ట్యూబులైటు పెట్టాలి. ఏడాదికోసారి మార్చాలి, వెలుగుతున్నా కిరణాలు తగ్గిపోతాయి. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే ఊదారంగు ఎల్‌ఈడీ బల్బులు యూవీబీ ఇవ్వవు.

మేత సంగతి సులువే, మన గట్ల మీద అంతా ఉంది. గరిక, కుదురు గడ్డి, మందార ఆకులు పూలు, కాస్త మునగాకు. అన్నిటికన్నా మంచిది నాగజెముడు, మనవైపు పాపాసుకల్లి అంటారు, చెప్పు ఆకారపు మట్టలు. ముళ్లు మంటమీద కాల్చి గీకి, ముక్కలు చేసి పెడితే నీళ్లూ సున్నపు సత్తువా రెండూ దొరుకుతాయి, మూడు రోజులుగా ఏదీ ముట్టనిది కూడా దాన్ని కొరుకుతుంది. గిల్లితే పాలు కారే జెముడు మాత్రం వేరే జాతి, విషం. ఆకు తెచ్చే గట్టు మీద గడ్డిమందు కొట్టారో లేదో చేనివాళ్లను అడిగే కోయండి. పాలకూర రోజూ పెట్టవద్దు, అందులోని ఆక్సలేటు కాల్షియాన్ని పట్టేస్తుంది. టమాటా, అరటి, పుచ్చకాయ తీపికి పేగుల్లో పులిసి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. అన్నం, బ్రెడ్డు, పాలు, గుడ్డు, కుక్కల మేత మెట్ట తాబేలు తిండి కాదు, మూత్రపిండాలు చెడతాయి. కాల్షియానికి మూలికల అంగట్లో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్ చేప ఎముక ముక్క పెట్టెలో పడేస్తే కావలసినప్పుడు కొరుక్కుంటుంది. అదీ కాల్షియమే కదా అని తాంబూలం సున్నం మేతకు రాయవద్దు, నోరు పొక్కుతుంది. మేత ఎప్పుడూ ఒళ్లు వెచ్చబడి, నీళ్లు అయిన తర్వాత పొద్దున పూటే. గుప్పెడు చాలు. సిరంజితో నోట్లో పోయడం డాక్టరు పని. ఊపిరి గొట్టం నాలుక మొదట్లోనే ఉంటుంది, ఒక్క చుక్క దారితప్పితే న్యుమోనియా.

తింటూ లేవడం మొదలయ్యాక నక్షత్ర తాబేలును గుట్టలో వదిలేద్దామని తొందరపడేవాళ్లున్నారు. ఇంట్లో పెరిగినది జబ్బు మోసుకుపోయి అక్కడున్నవాటికి అంటిస్తుంది. 2015లో వెలువడిన ఒక అధ్యయనం దేశంలోని ఒక్క దొంగ వ్యాపార కేంద్రం నుంచే ఏటా కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లు పట్టుకుపోతున్నారని లెక్కగట్టింది. ఉన్న కొద్దిపాటి గుంపుల్లోకి మనం రోగం పంపకూడదు. వదలడం, ఎక్కడ వదలాలన్నది అటవీశాఖ నిర్ణయం. సల్కాటాను బయట వదలడం అసలే కుదరదు.

అటవీశాఖ వారికి మా విన్నపం చిన్నది. పట్టుబడ్డ తాబేళ్లు కేసు నడిచే రోజుల్లో ఆఫీసు గదిలో గోనెసంచిలోనో అట్టపెట్టెలోనో బండల మీదే ఉండాల్సి వస్తోంది. పైన చెప్పిన ప్లైవుడ్ పెట్టె, బల్బు, సెరామిక్ హీటర్, థర్మోస్టాట్, రెండు థర్మామీటర్లు, ఒక త్రాసు ప్రతి రేంజి ఆఫీసులో ఒక జత ఉంచితే ఖర్చు పెద్దదేమీ కాదు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలో పశువైద్య విశ్వవిద్యాలయం, జంతు ప్రదర్శనశాల ఉన్నాయి. జిల్లాకు ఇద్దరు పశువైద్యులను పంపి సరీసృపాల వైద్యంలో వారం రోజుల శిక్షణ ఇప్పించవచ్చు.

తాబేలును అప్పగించేటప్పుడు ఉత్త చేతులతో అప్పగించవద్దు. ఒక కాగితం మీద ఎక్కడ, ఏ తేదీన, రోడ్డు మీదా చేనులోనా దొరికింది, రోజువారీ బరువు గ్రాముల్లో, చివరగా పెంటిక ఎప్పుడు వేసింది, తెల్లటిది మెత్తగా ఉందా గరగరగా ఉందా, ఏ మందు ఏ కాలికి ఎన్ని గంటలకు వేశారు, ఏం తింది అన్నది రాసి పెట్టెకు అంటించండి. తీసుకెళ్లే జీపులో ఏసీ ఆపించి, పెట్టెలో వేడినీళ్ల సీసా ఒకటి తువ్వాలు చుట్టి పెట్టండి.

ఇట్లు,
తాబేళ్లు, పాముల వైద్యం, సంరక్షణ చూసే కొందరం,
అనంతపురం